కడుపులో బిడ్డకు పాదరసం ఎలా చేరుతుంది?

మన సొసైటీ నెలనెలా నిర్వహించే ఉచిత వైద్య శిబిరంలో గర్భిణులను అడిగే ప్రశ్నల్లో గత ఏడాది నుంచి ఒకటి కొత్తగా చేర్చాం: "ముఖానికి ఏం రాసుకుంటున్నారు?" బి.పి. చూసి, రక్తం తీసి, ఐరన్ మాత్రలు ఇచ్చే చోట ఇదేం ప్రశ్న అని చాలామంది నవ్వారు. "పెళ్లిచూపులు ఎప్పుడో అయిపోయాయి కదా డాక్టరమ్మా!" అని ఒక ఖాలా హాస్యమాడారు కూడా. నవ్వినవాళ్లకు అక్కడ నిలబెట్టి వివరం చెప్పే తీరిక మాకు దొరకలేదు. అందుకే ఈ సావనీరులో రాస్తున్నాం.

ఆ ప్రశ్నకు కారణమైన సోదరి ఆరో నెల గర్భంతో శిబిరానికి వచ్చింది. కాళ్లు, కళ్ల కింద వాపు. "కడుపుతో ఉన్నవాళ్లకు నీరు పట్టడం మామూలే" అని ఇంట్లో సరిపెట్టుకున్నారు. బి.పి. మామూలుగానే ఉంది. మూత్రం పరీక్షిస్తే మాత్రం ప్రోటీను విపరీతంగా పోతోంది. మన శిబిరానికి వచ్చే లేడీ డాక్టరు ఆమె ముఖాన్ని, చేతులను మార్చి మార్చి చూశారు. ముఖం తెల్లగా, నున్నగా ఉంది. చేతుల రంగు వేరు. "రాసుకునే డబ్బా రేపు పట్టుకురా బేటీ" అన్నారు.

మర్నాడు తెచ్చింది. గల్ఫ్ నుంచి మరిది సెలవు మీద వస్తూ ఇంట్లో ఆడవాళ్లందరికీ తెచ్చిన క్రీము అది. డబ్బా మీద తయారీదారు చిరునామా లేదు, అందులో ఏమేం కలిపారో లేదు. కానీ లోపల మడతపెట్టిన కాగితంలో ఒక వాక్యం ఉంది: రాసుకునేటప్పుడు బంగారు, వెండి నగలకు తగలనివ్వకండి.

ముఖానికి రాసే క్రీముకూ బంగారానికీ పొత్తు ఏమిటి? మన కంసాలి వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది, దానితో కలిసిపోతుంది. నగలు పాడైతే కొన్నవాడు గొడవ పెట్టుకుంటాడని తయారుచేసినవాడికి తెలుసు. అందుకే నగల గురించి హెచ్చరించాడు, మనిషి గురించి హెచ్చరించలేదు. ఆ క్రీమును హైదరాబాదుకు పంపి పరీక్ష చేయిస్తే అనుమానమే నిజమైంది.

ఇలాంటి క్రీముల్లో పాదరసం ఎందుకు కలుపుతారంటే, అది నిజంగానే 'పనిచేస్తుంది' కనుక. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావడానికి ఒక ఎంజైమ్ కావాలి. పాదరసం దాన్ని అడ్డుకుంటుంది. రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది, మానేస్తే రంగు తిరిగి వస్తుంది. కాబట్టి మానరు. రోజూ రెండు పూటలా చర్మం గుండా లోపలికి వెళ్లిన పాదరసం ముఖ్యంగా మూత్రపిండాల్లో నిలవ ఉంటుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. అందులో 15 మందికి అరుదైన ఒకే తరహా వ్యాధి ఉంది, ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడుతున్నవారే. మలప్పురం కూడా మన రాయచోటి, కడప, కరీంనగర్, నిజామాబాద్ లాగే గల్ఫ్ డబ్బు మీద నడిచే ప్రాంతమని వేరే చెప్పనక్కర్లేదు.

భారతదేశంలో సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదు. కలపకపోయినా పొరపాటున చేరే మోతాదు, కంటికి వాడేవి మినహా, పది లక్షల పాళ్లలో ఒక పాలు మించకూడదు. బయటి నుంచి వచ్చే డబ్బాల్లో వేల పాళ్లు బయటపడుతున్నాయి. 2019లో పాకిస్తాన్ ప్రభుత్వమే తమ దేశంలో అమ్ముతున్న 59 రకాల క్రీములను పరీక్షించి, 56 రకాల్లో పాదరసం హద్దు మీరి ఉందని ప్రకటించింది.

ఇక బిడ్డ సంగతి. పాదరసం అన్నది ఒకటే అయినా అది ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి మాయ దాటి బిడ్డకు చేరే తీరు మారుతుంది. థర్మామీటరులో కనిపించే వెండి చుక్క ఒక రూపం. దాన్ని మింగితే పెద్దగా ఒంటబట్టదు, కానీ దాని ఆవిరి పీలిస్తే రక్తంలో కలిసి మాయను దాటుతుంది. క్రీముల్లో సాధారణంగా ఉండేది పాదరసపు లవణాలు. ఇవి మాయను అంత తేలిగ్గా దాటవు, చాలావరకు మాయలోనే పేరుకుంటాయి. ఇది విని ఊపిరి పీల్చుకోవద్దు. తల్లి మూత్రపిండాలు దెబ్బతిని ప్రోటీను పోతుంటే కడుపులో బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. పైగా రాసుకున్న క్రీము నుంచి ఆవిరి లేస్తుంది. తువ్వాళ్లకు, దిండు గలేబులకు అంటుతుంది. క్రీము వాడని భర్త, పిల్లల ఒంట్లో కూడా పాదరసం కనిపించిన కుటుంబాలు ఉన్నాయి. పసిబిడ్డ తల్లి చెంపకు చెంప ఆనించి నిద్రపోతుందన్న మాట గుర్తుపెట్టుకోవాలి.

మూడో రూపం మిథైల్ పాదరసం. కడుపులో బిడ్డకు అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. దీని గురించి ప్రపంచానికి తెలిసింది రెండు పెద్ద విషాదాల వల్ల.

మొదటిది జపాన్‌లోని మినమాటా. అక్కడి రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన వ్యర్థాల్లో మిథైల్ పాదరసం ఉండేది. అది చేపల్లో చేరింది, చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్టు గింగిరాలు తిరిగి చచ్చాయి, తర్వాత మనుషుల వంతు వచ్చింది. 1956 మే 1న ఆ వింత జబ్బు అధికారికంగా నమోదైంది. అదే కాలంలో ఆ తీరపు పల్లెల్లో మెడ నిలపలేని, మాట రాని, చేతులు వంకర్లు పోయిన పిల్లలు పుట్టసాగారు. వాళ్లు చేప ముక్క నోట పెట్టి ఎరుగరు. తల్లుల్లో చాలామంది చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నారు, మహా అయితే చేతులకు కాస్త తిమ్మిరి. మాయ అన్నది విషాన్ని బిడ్డకు చేరనివ్వని కంచె అని అప్పటి వైద్యుల నమ్మకం. కాబట్టి ఇది చేపల వల్ల కాదు, పుట్టుకతో వచ్చిన మెదడు లోపం అన్నారు. తల్లులు ఒప్పుకోలేదు. చేపలు మేం తిన్నాం, కడుపులోని బిడ్డకు అదే చేరింది అన్నారు. చివరికి 1962లో వైద్యులు తల్లుల మాటే నిజమని తేల్చారు. ఆ దేశంలో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకునే ఆచారం ఉంది. డాక్టర్ మసాజుమి హరాడా తర్వాతి కాలంలో ఆ బొడ్డుతాళ్లను సేకరించి పరీక్షిస్తే వాటిలో మిథైల్ పాదరసం దొరికింది. తల్లి మురిపెంగా దాచుకున్న వస్తువే సాక్ష్యమైంది.

రెండోది ఇరాక్. 1971లో కరవు తర్వాత విత్తనాల కోసం ఆ దేశం మెక్సికో, అమెరికాల నుంచి 73 వేల టన్నులకు పైగా గోధుమలు, 22 వేల టన్నుల బార్లీ తెప్పించింది. బూజు పట్టకుండా గింజలకు మిథైల్ పాదరసం పట్టించి, తినకూడదని తెలియడానికి ఎరుపు గులాబీ రంగు వేశారు. సంచుల మీద హెచ్చరిక స్పానిష్, ఇంగ్లీషు భాషల్లో ఉంది. అరబ్బీ, కుర్దీ మాట్లాడే పల్లె రైతుకు అది గీతల ముగ్గుతో సమానం. కొన్నిచోట్ల సంచులు చేరేసరికి విత్తే అదను కూడా దాటిపోయింది. ఇంట్లో గింజ లేదు, ఎదురుగా సంచి ఉంది. రైతులు తెలివితక్కువగా ఏమీ ప్రవర్తించలేదు. గింజలు కడిగారు, రంగు పోయింది, విషమూ పోయిందనుకున్నారు. కోళ్లకు, పశువులకు పెట్టి కొన్ని రోజులు చూశారు, ఏమీ కాలేదు. అప్పుడే రొట్టెలు చేసుకున్నారు. కానీ ఈ విషం తిన్న వెంటనే బయటపడదు, వారాలు పడుతుంది. ఆ శీతాకాలంలో 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, 459 మంది అక్కడే చనిపోయారు. ఆసుపత్రి గడప తొక్కనివారి లెక్క ఇందులో లేదు.

ఆ రొట్టె తిన్నవారిలో గర్భిణులూ ఉన్నారు. ఇరాకీ పిల్లల వైద్యురాలు డాక్టర్ లమాన్ అమీన్-జకీ, ఆమె సహచరులు 15 మంది తల్లులను, వారి బిడ్డలను పరీక్షించి 1974లో ప్రచురించారు. పుట్టిన తొలి నెలల్లో ఒక్కరిలో తప్ప మిగతా బిడ్డలందరి రక్తంలో తల్లికంటే ఎక్కువ పాదరసం ఉంది. మరో విషయం కూడా అక్కడే గట్టిగా రుజువైంది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తల్లి వెంట్రుకను సెంటీమీటరు చొప్పున పరీక్షిస్తే ఏ నెలలో ఒంట్లో ఎంత పాదరసం ఉందో పద్దు పుస్తకంలా చదవవచ్చు. అలా చూసినప్పుడు తల్లి వెంట్రుకలో పాదరసం పెరిగినకొద్దీ పిల్లలు ఆలస్యంగా నడవడం, ఆలస్యంగా మాట్లాడటం కనిపించింది.

బిడ్డకే ఎక్కువ ఎందుకు చేరుతుంది? మిథైల్ పాదరసం రక్తంలో ఒక అమైనో ఆమ్లంతో జతకట్టి, బిడ్డ ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తుల ముడిసరుకులా వేషం వేస్తుంది. మాయ దాన్ని ఆహారమే అనుకుని లోపలికి పంపుతుంది. బొడ్డుతాడు రక్తంలో దాని మోతాదు తల్లి రక్తంలో కంటే సగటున 1.7 రెట్లు ఉంటుంది. కడుపులో ఉన్న నెలల్లోనే మెదడు కణాలు పుట్టి, ఒక్కొక్కటి తన చోటికి నడిచి వెళ్లి స్థిరపడాలి. మిథైల్ పాదరసం ఆ నడకనే చెడగొడుతుంది. తయారైపోయిన తల్లి మెదడు తట్టుకున్న మోతాదును తయారవుతున్న మెదడు తట్టుకోలేదు. "నేను బాగానే ఉన్నాగా" అనే మాట ఈ విషయంలో చెల్లకపోవడానికి కారణం ఇదే.

మన దగ్గర విషపు గోధుమలు లేవు కాబట్టి మిథైల్ పాదరసం వచ్చే దారి చేప ఒక్కటే. బొగ్గు కాల్చినప్పుడు గాలిలోకి వెళ్లిన పాదరసం నీళ్లలో పడుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ రూపంలోకి మారుస్తాయి. నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోతూ పేరుకుంటుంది. ఎక్కువ ఏళ్లు బతికి, ఇతర చేపలను తినే చేపలో ఎక్కువ. అది కండలో ఉంటుంది కనుక చర్మం వలిచినా, ఉప్పు, పసుపు వేసి ఎన్నిసార్లు కడిగినా, ఎంత మరిగించినా పోదు.

ఇక్కడే మేము భయపడే పొరపాటు ఒకటుంది. ఈ వ్యాసం చదివి ఇంట్లో పెద్దలు గర్భిణికి చేపే మాన్పిస్తే మా ఉద్దేశం తలకిందులవుతుంది. ఫారో దీవుల్లో గర్భిణులు పాదరసం బాగా పేరుకున్న పైలట్ తిమింగలం మాంసం తినేవారు. వాళ్లకు 1986-87లో పుట్టిన తొమ్మిది వందల మందికి పైగా పిల్లలను ఏడేళ్ల వయసులో పరీక్షిస్తే జ్ఞాపకశక్తిలో, మాటలో, ఏకాగ్రతలో చిన్న లోపాలు కనిపించాయి. మన హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో తల్లులు వారానికి సుమారు 12 పూటలు మామూలు సముద్రపు చేపలు తినేవారు. అక్కడి పిల్లల్లో అలాంటి నష్టం నిలకడగా ఏదీ కనిపించలేదు. ఇంగ్లండులో దాదాపు 12 వేల మంది గర్భిణులను గమనించిన అధ్యయనం 2007లో వచ్చింది. వారానికి 340 గ్రాముల కంటే తక్కువ చేప తిన్న తల్లుల పిల్లలే మాటకు సంబంధించిన తెలివిలో వెనకబడ్డారు. చేపలోని కొవ్వులు బిడ్డ మెదడుకు అంత అవసరం.

కాబట్టి మానాల్సింది చేపను కాదు. సొర, కొమ్ముకోనం, పెద్ద ట్యూనా గర్భిణికి వద్దు. పెద్ద వంజరం ముక్కలు ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయాలి. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు, రొయ్యలు, చెరువు శీలావతి, బొచ్చె వారానికి రెండు మూడు పూటలు నిశ్చింతగా పెట్టవచ్చు. ధరలో కూడా ఇవే తక్కువ కావడం మన మేలుకే. కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని సొర పిట్టు వండిపెట్టే అలవాటు ఉంది. ఆ నానీల ప్రేమను మేము కాదనడం లేదు, చేపనే మార్చమంటున్నాం. పాలు పడటానికి బలమైన తిండి కావాలి, సొరే కానక్కర్లేదు.

మందుల సంగతి కూడా చెప్పాలి. యునానీలో కుష్తా షింగ్రఫ్ ఇంగిలీకంతో చేస్తారు, కుష్తా సీమాబ్ నేరుగా పాదరసంతో. ఆయుర్వేదంలో రససిందూరం ఉంది. వీటి గుణదోషాల చర్చ మా పని కాదు. గర్భం నిలవాలనో, మగబిడ్డ పుట్టాలనో పేరూ ఊరూ చెప్పని పొట్లాలు తెచ్చి కోడలికి మింగించడం గురించే మా ఆందోళన. ఏ వైద్యుడి మందైనా అందులో ఏముందో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వనివాడి మందు గర్భిణికి వద్దు. సుర్మాలో పాదరసం ఉంటుందా అని కొందరు అడిగారు. అక్కడి సమస్య సీసం. బిడ్డ మెదడుకు అదీ తక్కువది కాదు, దాని గురించి వేరే రాయాలి.

పంటికి వెండి రంగు సిమెంటు ఉన్నవాళ్లు కంగారుపడి గర్భంతో ఉండగా దాన్ని తీయించవద్దు, తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ. కొత్తది వేయించాల్సి వస్తే వేరే రకం అడగండి. థర్మామీటరు పగిలితే గర్భిణిని, పిల్లలను గదిలోంచి పంపి, కిటికీలు తెరిచి, చుక్కలను గట్టి కాగితంతో ఎత్తి మూతగట్టి సీసాలో వేయాలి. చీపురు పెడితే చుక్క నూరు చుక్కలవుతుంది.

టీకాల మీద ఉన్న అపోహ వేరు. గర్భిణులకు వేసే ధనుర్వాతం టీకాలో నిలవ కోసం కలిపే పదార్థంలో పాదరసం ఉందని కొందరు ఫోన్లలో ప్రచారం చేస్తున్నారు. అందులో ఉన్నది ఇథైల్ పాదరసం, అతి స్వల్పంగా. అది శరీరంలోంచి చాలా త్వరగా బయటికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాలు సురక్షితమనే చెబుతోంది. మిథైల్, ఇథైల్ అన్న పేర్లలో ఒక్క అక్షరమే తేడా కదా అంటారేమో. మిథైల్ సారా తాగినవాడు గుడ్డివాడవుతాడు, ఇథైల్ సారా తాగినవాడు మత్తులో పడతాడు. అక్షరం తేడా అంత పని చేస్తుంది. టీకా మానేస్తే ధనుర్వాతం బారిన పడేది పసిబిడ్డే.

పెళ్లి కుదిరిన అమ్మాయిల తల్లులకు మా మనవి ప్రత్యేకంగా ఉంది. మన ఇళ్లలో ఈ క్రీములు మొదలయ్యేది నిశ్చితార్థం తర్వాతే. పెళ్లయిన కొన్ని నెలలకే గర్భం. ఒంట్లో చేరిన పాదరసం సగానికి తగ్గడానికే దాదాపు రెండు నెలలు పడుతుంది, ఆ మిగిలిన సగంలో సగం పోవడానికి మళ్లీ రెండు నెలలు. గర్భం అని తెలిసిన రోజున మానేస్తే అప్పటికే బిడ్డ తొలి వారాలు గడిచిపోయి ఉంటాయి. పిల్లలు కావాలనుకునే ముందే, కనీసం అయిదారు నెలల ముందు, మానాలి. డబ్బా మీద కలోమెల్, మెర్క్యురిక్ అయోడైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ, సినబార్ అన్న పేర్లున్నా, నగల హెచ్చరిక ఉన్నా, తయారీదారు చిరునామా లేకపోయినా పక్కన పెట్టేయండి. ఏ పేరూ రాయకపోవడమే ఎక్కువ. ఇప్పటికే వాడుతున్న గర్భిణి, బాలింత వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. మూత్ర పరీక్షతో మొదలుపెడతారు. ఒంట్లోంచి పాదరసం తీసే మందులు సొంతంగా వాడకూడదు. బిడ్డకు పాలివ్వడం సాధారణంగా మాన్పించనక్కర్లేదు, మాన్పించాల్సింది క్రీము.

మేము మొదట చెప్పిన సోదరి క్రీము ఆపింది. ఆసుపత్రిలో మూత్రపిండాల వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు ఇద్దరూ చూశారు. నెలలు గడిచేకొద్దీ ప్రోటీను పోవడం తగ్గింది. కాస్త తక్కువ బరువుతో ఆడపిల్ల పుట్టింది. మెడ నిలిపింది, బోర్లా పడింది. నడక, మాట కూడా వేళకు వస్తాయో లేదో చూడటానికి శిబిరానికి రమ్మన్నాం, క్రమం తప్పకుండా తెస్తున్నారు.

పోయినసారి బిడ్డను ఎత్తుకొచ్చిన అత్తగారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "ఇంట్లో ఆ డబ్బాలు ఇంకా రెండున్నాయి. పెద్ద కోడలివి. మోరీలో పారేయమంటారా?" అని అడిగారు. మోరీలో వద్దు, చెత్తలోనూ వద్దు, అది మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. మూత బిగించి, పాలిథిన్ సంచిలో కట్టి శిబిరానికి తెచ్చివ్వమన్నాం. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఒకేసారి అప్పగించడానికి ఆఫీసులో ఒక రేకు డబ్బా పెట్టాం. ఇది రాస్తున్న రోజుకు అందులో పదకొండు చేరాయి.